ఏం కాలే అనే పిల్ల

మొన్న మంగళవారం పొద్దున వాకిలి కడుగుతూ జారి పడ్డాను. ఎడమ తుంటి మెట్టు అంచుకు తగిలింది. చప్పుడు విని పక్కింటి కోడలు గోడ మీదుగా తొంగి చూసింది.

“ఏమైంది పెద్దమ్మా?”

“ఏం కాలే.”

“ఏం కాకుంటె మరి మొకం గట్ల వెట్టినవేంది? లేవరాదు?”

“లేస్త. నీళ్లు సల్లగున్నయని కూసున్న.”

ఆ అమ్మాయి నా మాట నమ్మలేదు. చుట్టూ తిరిగి వచ్చి, చంకల కింద చేతులు వేసి లేపింది. నేను తడి నేల మీద కూర్చున్న ఆ కాసేపట్లోనే, నా నోటి నుంచి వచ్చిన మాట ఎవరిదో గుర్తుకు వచ్చింది. అది నా మాట కాదు. పోయినేడు మా మేడ మీది గదిలో వానాకాలం మొదలు నుంచి చలికాలం దాకా ఉన్న ఫుట్‌బాల్ పిల్లది.

మా ఊళ్లో, అంటే కరీంనగర్‌లో, ఒక వ్యాపారి తన ఖర్చుతో ఆడపిల్లల జట్టు పెట్టాడు. పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు ఇళ్లలో గదులు చూపించేవారు. అద్దె, తిండి జట్టువే. ఎండాకాలం దాకా ఒప్పందం. అలా నాకు వచ్చిన పిల్ల ఈమె. జట్టులో ఆమెది వెనుక వరుస, గోలుకు అడ్డంగా నిలబడే చోటు. దాన్ని స్టాపర్ అంటారని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. తోటి పిల్లలు పేరు మానేసి ఆమెను ‘స్టాపరూ’ అనే పిలిచేవారు. కాబట్టి నేనిక్కడ పేరు రాయకపోయినా లోటు లేదు.

ఆమెది లక్సెట్టిపేట పక్క పల్లె. తండ్రి మస్కట్‌లో. తల్లి బీడీలు చుడుతుంది. దింపడానికి ఆ తల్లే వచ్చింది. మేం గుమ్మంలో మాట్లాడుతుండగా ఆమె సంచిలోంచి ఒక నిమ్మకాయ జారి మెట్ల మీద దొర్లింది. ఆ పిల్ల అటు చూడనే లేదు. ఎడమ పాదం పక్కకు వెళ్లి దాన్ని ఆపింది. మాట మధ్యలో ఆగలేదు, తల తిరగలేదు, కాలు ఒక్కటే వెళ్లింది.

“తినేదానికి కాలు వెడ్తవానే?” అంది తల్లి. పిల్ల వంగి నిమ్మకాయ తీసి, కళ్లకు అద్దుకుని, సంచిలో వేసింది.

తల్లి నాతో అంది: “దీనికి కూరల ఉప్పు తక్కువైనా చెప్పది పెద్దమ్మా. మీరే అడగుండ్రి. మా ఇంట్ల అందరం గంతే.”

ఆ చివరి మాటను ఆ రోజు నేను పట్టించుకోలేదు.

ఆమె ఇంట్లో కూడా స్టాపరే. కూర్చోవడం తక్కువ. గడపలో నిలబడేది, ఎప్పుడూ వీధి కనిపించేటట్టు. ఎవరైనా లోపలికి వస్తే ఒక అడుగు పక్కకు జరిగి, వచ్చినవాళ్లను కాదు, వాళ్ల వెనుక ఇంకెవరు వస్తున్నారో చూసేది. పొయ్యి గట్టు మీంచి గిన్నె జారితే నేల తాకేలోపు ఆమె మోకాలో, పాదమో కింద ఉండేది. ఆమె ఉన్నన్నాళ్లు మా ఇంట్లో ఏదీ కింద పడి పగల్లేదు. ఒక గాజు గ్లాసు తప్ప. అది నేను పడేసింది, ఆమె ఊళ్లో లేని రోజు.

మాట మాత్రం కరువు. అన్నం చాలిందా అంటే తల ఊపేది. పప్పులో నిజంగానే ఉప్పు మరిచిపోయిన రోజు కూడా పళ్లెం ఖాళీ చేసి, కడిగి, బోర్లించి పోయింది. నేను తిన్నాకే తెలిసింది.

మేడ మెట్లు మా వంటింటి గోడకు ఆనుకుని ఉన్నాయి. మెట్ల మీద నడిచేవాళ్లను చూడనక్కర్లేదు, వింటే చాలు. ఆమె ఎక్కడంలో రెండు రకాలున్నాయి. నేను వాకిట్లో ఉంటే రెండేసి మెట్లు ఒక్క ఊపున ఎక్కేది. నేను వంటింట్లో ఉంటే, చూడటం లేదనుకుని, ఎడమ కాలు పై మెట్టు మీద వేసి, కుడి కాలును దాని పక్కకు తెచ్చుకుని, ఆగి, మళ్లీ ఎడమ కాలు వేసేది. దిగేటప్పుడు కుడి కాలు ముందు. మధ్య మధ్య అరచేయి గోడకు రాసుకునే చప్పుడు. ఆ చప్పుడు వినబడితే నా చేతిలో గరిట ఆగిపోయేది. రాత్రికి రాత్రి ఆ గోడ కూలుతుందేమో అన్నట్టుగా ఉండేది నాకు.

వచ్చిన కొత్తలో చీలమండ వాచింది. అది తగ్గాక భుజం. భుజం కుదురుకుంది అనుకునేసరికి కుడి మోకాలు. బతుకమ్మ పండుగకు ఊరికి పోయి వచ్చాక మళ్లీ అదే మోకాలు. వరుస నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఏ ఒక్కటీ ఆమె చెప్పలేదు. అన్నీ నేను కనిపెట్టినవే. డాబా మీద తీగకు మేజోళ్లు ఆరేవి, చొక్కా ఆరేది, మోకాలికి చుట్టే పట్టీ మాత్రం గదిలో కిటికీ ఊచకు ఆరేది. ఒక పొద్దున తూము దగ్గర వాడిపోయిన ఆముదపాకులు కనిపించాయి. వేడిచేసి కట్టి తీసేసినవి.

“మోకాలు వాచిందా?” అన్నాను.

“లే పెద్దమ్మా. ఏం కాలే.”

“మరి ఆముదపాకు ఎవలికి కట్టినవు? బకెట్‌కా?”

ఆమె నవ్వింది. “బకెట్ సుత మొన్న పడ్డది పెద్దమ్మా.”

“నవ్వకు. డాక్టర్ చూసిండా?”

“చూసిండు. ఒత్తి చూసిండు.”

“నొస్తున్నదని చెప్పినవా?”

ఆమె తూములోని ఆకును చూసింది. “చెప్తె కూసుండవెడ్తరు పెద్దమ్మా. ఆఖరి టోర్నమెంట్ ఆడితెనే సర్టిఫికెట్. అది ఉంటెనే స్పోర్ట్స్ కోటాల నౌకరికి పెట్టుకోవచ్చు. నాకు నౌకరైతె బాపు మస్కట్ ఇడ్సిపెట్టి వచ్చేస్తనన్నడు.”

“ఎన్నడన్నడు?”

“నేను అయిదో తరగతిల ఉన్నప్పుడు.”

“గప్పుడు నీకు ఫుట్‌బాల్ ఏడిది?”

“లేదు. గప్పుడు ఉత్తగ నౌకరి అన్నడు. ఫుట్‌బాల్ నేను దొర్కవట్టిన.”

అప్పటినుంచి నాకు ఆ మోకాలి మీదే ధ్యాస. ఆమె ప్రాక్టీసుకు పోతే తిరిగి వచ్చేదాకా నా చెవి గేటు దగ్గర ఉండేది. గేటు తీసిన తర్వాత మొదటి మెట్టు మీద పడే అడుగు ఏ కాలిదో తెలిసేదాకా పొయ్యి మీద ఏముందో పట్టించుకునేదాన్ని కాదు. ఆ కాలి మీద ఒక్క పిల్ల బతుకు కాదు, ఇద్దరిది ఉంది. మూడోది ఆ తల్లిది.

శుక్రవారం మధ్యాహ్నం తండ్రి వీడియో ఫోన్ వచ్చేది. అక్కడ వాళ్లకు సెలవు. మేడ మీద వరండా మూలలో నీలం సున్నం వేసిన గోడ ఉంది. సిగ్నల్ అక్కడ బాగా అందుతుంది. ఆమె ఆ గోడకు వీపు ఆనించి, బరువంతా ఎడమ కాలి మీద వేసి నిలబడేది. ఫోన్‌ను మొహానికి ఎదురుగా, గడ్డం కిందికి ఏమీ కనిపించనంత దగ్గరగా పట్టుకునేది. నేను అక్కడే వడియాలు ఎండబెడుతూ వినేదాన్ని.

“తిన్నవా బిడ్డా?”

“తిన్న బాపు. నువ్వు?”

“తిన్న. ఆట ఎట్లున్నది?”

“మంచిగున్నది. నువ్వెట్లున్నవు?”

“నాకేంది, రాజోలె ఉన్న. నువ్వేం ఫికర్ వెట్టుకోకు.”

గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్లలో ఇది ఒక పద్ధతి. మా బంధువుల ఇళ్లలోనూ చూశాను. ఫోన్‌లో చెడ్డ మాట చెప్పరు. బోరు ఎండినా, బర్రె చచ్చినా, ముసలామెకు జ్వరం వచ్చి మంచం పట్టినా ‘మంచిగున్నం’ అనే అంటారు. అంత దూరంలో ఉన్నవాడు విని ఏం చేయగలడు, గదిలో కూర్చుని పరేషాన్ కావడం తప్ప? అక్కడివాడి లెక్కా ఇదే. రెండు వైపులా అందరూ ఎప్పుడూ బాగుంటారు. శవపెట్టె దిగినప్పుడో, మనిషి దిగినప్పుడో మాత్రమే నిజం తెలుస్తుంది.

ఒక సంగతి నేను అప్పుడే చూశాను కాని దానికి అర్థం కట్టలేదు. దసరా ముందు దాకా ఆ తండ్రి ఫోన్ చేత్తో పట్టుకుని గది అంతా తిప్పి చూపేవాడు. ఇది నా పడక, ఇది నిజామాబాద్ ఆయన పడక, ఇది మేం వండుకునే పొయ్యి అని. దసరా తర్వాత ఆ బొమ్మ కదలడం మానేసింది. ఎప్పుడు చూసినా ఆయన మొహం, దాని వెనుక పువ్వుల కర్టెన్. ఫోన్‌ను దేనికో ఆనించి మాట్లాడేవాడు.

ఒక ఆదివారం జట్టు ఆట చూడటానికి నేనూ పోయాను. గట్టు మీద కుర్చీ వేశారు. మొదట నాకు ఆమెనే చూస్తున్నానా అని అనుమానం వచ్చింది. మా ఇంట్లో ఉప్పు అడగని పిల్ల ఆ మైదానం అంతటికీ ఒక్కతే గొంతు.

“ఎడమకు! ఎడమకు జరుగు! నీ ఎనుక మనిషున్నది, చూసుకోరాదు! నాది, నాది, ఇడువు!”

ఆటలో నాకేమీ తెలియదు. అయినా ప్రమాదం ఎటునుంచి వస్తోందో ఆ గొంతు విని నాకు తెలిసింది. ముందున్నవాళ్లకు వీపు వైపు కళ్లుండవు. వెనుక నిలబడినామెకే అంతా కనిపిస్తుంది, ఆమే చెప్పాలి. ఆమె చెబుతూనే ఉంది. రెండో సగంలో అవతలి పిల్ల ఒకతె దూసుకొచ్చింది. ఈమె నేల మీద జారి బంతిని బయటికి తన్నేసింది. చప్పట్లు కొట్టాం. ఈమె లేవలేదు.

మందుల సంచి పట్టుకుని ఒకామె పరుగెత్తింది. ఈమె నేల మీద నుంచే చేయి ఎత్తి ఊపింది. నేనున్న చోటికి మాట వినబడలేదు. ఏమని ఉంటుందో మాత్రం తెలుసు. లేచింది. రెండుసార్లు గెంతి చూపించింది. ఆట మొదలైంది.

అప్పుడు నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే ఆ గొంతు ఆగిపోయింది. అరుపు లేదు, ఎడమ లేదు, కుడి లేదు. పళ్లు బిగించుకున్న మనిషి అరవలేదు. ముందున్న పిల్లలు ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు, ఏమీ వినబడక. కాసేపటికే బంతి ఆమె పక్కగా వచ్చింది. ఆమె తిరిగింది, కాలు తిరగలేదు. గోలు పడింది. కోచ్ బల్ల మీద కూర్చుండిపోయాడు.

బుధవారం సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. బెల్లంపల్లి వైపు బొగ్గు గనుల ఊళ్లలో పెరిగి, అక్కడి మట్టి మైదానాల్లో ఆడినవాడు. పొద్దున మైదానంలోనే ఆ పిల్లకు చెప్పేశారట, జట్టులోంచి తీసేశామని. గది ఖాళీ సంగతి నాకు చెప్పడానికి వచ్చాడు. పిల్ల పైనే ఉంది.

“ఒప్పందం ఎండకాలం దాకున్నది గద సార్?” అన్నాను.

“ఉన్నదమ్మా.”

“మరి గిప్పుడే ఎందుకు? దెబ్బలు తాకుతున్నయనా? ఆటంటె దెబ్బలు గాదా?”

“దెబ్బలకు గాదమ్మా. ముందట ఆడే పిల్ల కుంటితె మనకు గోలు రాదు, గంతే. ఎనుక పిల్ల కుంటితె మన మీద పడ్తది. గామె ఎనుక ఇంకెవలున్నరు? గోల్‌కీపర్ ఒక్కతె.”

“అయితె మానెదాక కూసుండవెట్టుండ్రి.”

“ఎప్పుడు కూసుండవెట్టాల్నో నాకు తెల్వాలె గదమ్మా! డాక్టర్ అడిగిండు, ఏం కాలే అన్నది. నేనడిగిన, ఏం కాలే. ఆదివారం నేల మీద పడి సుత ఏం కాలే. దెబ్బ తాకినామెను నేను పెట్టుకుంట. దెబ్బ చెప్పనామెను ఎట్ల పెట్టుకోవాలె? ఆఖరు దాక పెట్టుకుంటె ఆఖరు దాక ఆడ్తది. గప్పుడు కాలే పోతది. నేను సుత స్టాపర్నే అమ్మా. గిట్లనే అనుకుంట ఆడిన. చూడుండ్రి, గా పిల్లతోని మాట్లాడాలని ఉన్నది, మెట్లెక్కుడు చాతగాక మీ కాడ కూసున్న.”

“సర్టిఫికెట్?”

ఆయన తన మోకాలి మీద చేయి రాసుకున్నాడు. “మంచిగైతె వచ్చే ఏడు ఎక్కడన్న ఆడొచ్చు.” లేచి చెప్పులు వేసుకుంటూ, గొంతు తగ్గించి, “జట్టు పెట్టిన షేట్ సుత అంటుండు, గా గదిల ఇంకో పిల్లను దించొచ్చని” అన్నాడు.

ఆయన చెప్పిన కారణాలన్నీ నిజమే. ఆఖరిది కూడా నిజమే. కాకపోతే దాన్ని గేటు దగ్గర చెప్పాడు.

ఆయన పోయాక ఆ పిల్ల కిందికి వచ్చింది. నేను చూస్తున్నానని రెండేసి మెట్లు దిగబోయి, మధ్యలో గోడ పట్టుకుంది. కళ్లు ఎర్రగా లేవు. అదే నాకు ఎక్కువ దిగులు.

“పెద్దమ్మా, శుక్రవారం దాకుంట.”

“ఎందుకు?”

“బాపు ఫోన్ జేస్తడు. గా నీలం గోడ కనవడకపోతె ఏడున్నవని అడుగుతడు. గీడ మాట్లాడి శనివారం పోత.”

“మల్ల శుక్రవారం?”

ఆమె అప్పటికే ఆలోచించి పెట్టుకుంది. “మా ఇంట్ల ఒక గోడకు నీలం సున్నం ఏయిస్త.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “ఉండు. ఎన్ని దినాలన్న ఉండు. గని గోడ నాది. అబద్ధానికియ్య.”

“అబద్ధం కాదు పెద్దమ్మా. ఊకె చెప్పకపోవుడు.”

“మైదానంల గట్లనే ఊకుంటవా? ఎనుక మనిషి వస్తుంటె చూసి సుత చెప్పవా?”

“అది వేరే. గాడ చెప్తె వాళ్లు ఆపుతరు. బాపు అంత దూరంల ఉండి ఏం ఆపుతడు?”

ఆమె అన్నదీ నిజమే. గోడ మాత్రం ఇవ్వనన్నాను.

గురువారం ఆమె అన్నం ముట్టలేదు. శుక్రవారం ఎండబెట్టడానికి వడియాలు లేవు, మెట్లకు ఎదురుగా వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆమె ఫోన్ పట్టుకుని వరండా దాకా పోయి, నీలం గోడను చూసి, వెనక్కి వచ్చి మెట్ల మీద కూర్చుంది. కుడి కాలు చాపుకుని. మస్కట్ ఫోన్ వచ్చింది. తండ్రి ‘తిన్నవా’ అనలేదు.

“గోడేది బిడ్డా? ఏడున్నవు?”

ఆమె నా వైపు చూసింది. నేను స్టూలు మీద అలాగే ఉండిపోయాను. ఇప్పుడంటుంది, బయట కూసున్న బాపు, ఎండకు, అంటుంది అనుకున్నాను.

“నన్ను తీసేసిండ్రు బాపు.” తర్వాత, “మోకాలు పోయింది. బతుకమ్మ సంది నొస్తున్నది. నేను చెప్పలే.” ఫోన్ తిప్పి మోకాలికి చూపించింది. పట్టీ లేదు. వాపు నాకూ కనిపించింది, మొదటిసారి.

అవతలి నుంచి తండ్రి గొంతు, “కోపం జెయ్యకు బిడ్డా,” అంది. ఏదో జరిపిన చప్పుడు. ఆయన ఏం చూపించాడో నేను కూర్చున్న చోటికి కనిపించలేదు. ఆమె మొహం కనిపించింది. నిమ్మకాయను కూడా చూడకుండా ఆపే పిల్ల, ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని చూస్తోంది.

“ఎప్పటి సంది?”

“దసరా సంది. మిషిన్ల వడ్డది చెయ్యి.”

“ఏళ్లు కదుల్తున్నయా?”

“రెండు కదుల్తయి.”

“డాక్టర్ ఏమన్నడు?”

“నొస్తున్నదా అని అడిగిండు.”

“నువ్వేమన్నవు?”

“ఏం కాలే అన్న.”

అప్పుడు వచ్చింది ఆ గొంతు. మైదానంలో విన్నదే. మా ఇంట్లో అంతకుముందు ఎన్నడూ వినబడలేదు.

“గట్లెట్లంటవు బాపు! నొస్తున్నదని చెప్పాలె! రేపే పో! ఏడ నొస్తున్నదో ఏలు వెట్టి చూపియ్యి! మీ సూపర్వైజర్‌కు చెప్పు! చెప్పి నాకు ఫోన్ జెయ్యి, శుక్రవారం దాక ఆగకు! నౌకరి లేదు, ఏం లేదు, నువ్వు రా!”

పక్కింటి కోడలు గోడ మీదుగా తొంగి చూసి, “ఏమైంది పెద్దమ్మా, ఎవల్తోని కొట్లాట?” అంది. నేను చేత్తో ఆగమన్నాను.

ఆ తండ్రి తిరిగి వచ్చాడని చలికాలం వెళ్లాక కోచ్ చెప్పాడు. ఆయన చేయి ఎంత బాగైందో, ఈమె మోకాలు ఎంత బాగైందో, మళ్లీ ఎక్కడైనా ఆడుతోందో లేదో కోచ్‌కూ తెలియదు, నాకూ తెలియదు. తెలియనిది రాయను. శనివారం సంగతి తెలుసు.

తీసుకుపోవడానికి తల్లి వచ్చింది. గేటు బయట ఆటో ఆగి ఉంది. నేనూ ఆ తల్లీ వాకిట్లో నిలబడి పైకి చూస్తున్నాం. ఆ పిల్ల సంచి భుజానికి వేసుకుని మెట్ల తలకు వచ్చింది. ఇద్దరం చూస్తున్నామని ఆమెకు తెలుసు. గోడ పట్టుకుంది. కుడి కాలు కింది మెట్టు మీద పెట్టి, ఎడమ కాలును దాని పక్కకు తెచ్చుకుని, ఆగింది. మళ్లీ కుడి కాలు.

“ఏమైందే?” అంది తల్లి. మెట్ల వైపు ఒక అడుగు వేసింది.

“నొస్తున్నదవ్వా,” అంది ఆ పిల్ల. “నువ్వు గాడనే ఉండు. నేను మెల్లగ దిగుత.”